బిలియర్డ్స్ బంతి: కడగాలా, తోమాలా?

హనుమకొండలో మా మేడ మీది గదిలో ఒక పాత పూల్ బల్ల (కర్రతో బంతులను కొట్టి జేబుల్లో వేసే బిలియర్డ్స్ రకం ఆటది) ఉంది. బంతులు మసకబారాయని ఒకనాడు వాటిని బకెట్‌లో వేసుకుని కిందికి తెచ్చినప్పుడు, మా అమ్మ ఇంత చింతపండు నానబెట్టి, కొబ్బరి పీచు చేతికిచ్చింది. ఇత్తడి బిందెను తళతళలాడించే ఆ సామగ్రి బంతికి ఎందుకు పనికిరాదో చెప్పబోయి, కారణం నాకే సరిగ్గా తెలియదని గ్రహించాను. ఇత్తడి మీది నలుపు బయటి నుంచి వచ్చినది కాదు. లోహమే గాలితో, తేమతో కలిసి తన ఒంటి మీద పుట్టించుకున్న పొర అది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. బంతి మీది మురికి మాత్రం పూర్తిగా పరాయిది, వచ్చి అంటుకున్నది. అందువల్ల బిందెను తోమాలి, బంతిని కడగాలి.

ఈ కడిగే సౌకర్యం ఆటగాళ్ళకు మొదటి నుంచీ ఉన్నది కాదు. పూర్వం బంతులను ఏనుగు దంతంతో చెక్కేవారు. దంతం తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా; అటువంటి బంతిని నీళ్ళలో ముంచడమంటే దాని గుండ్రదనాన్ని చేతులారా చెడగొట్టుకోవడమే. దంతానికి బదులుగా అమెరికాలో జాన్ వెస్లీ హయాట్ 1869 ప్రాంతంలో సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్‌ను ముందుకు తెచ్చాడు. ఆ తరువాత 1907లో లియో బేక్‌లాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లను కలిపి బేకలైట్ అనే ప్లాస్టిక్‌ను తయారుచేశాడు. నేటి మంచి బంతులు ఆ కుటుంబానికే చెందిన ఫినాలిక్ రెజిన్‌తో తయారవుతాయి. ఈ పదార్థంలో అణువుల గొలుసులు అన్ని దిక్కులా ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లినట్టు ఉంటాయి కాబట్టి, ఒకసారి గట్టిపడిన తరువాత అది వేడికి కరిగి మళ్ళీ ముద్ద కాదు, నీటిని దాదాపుగా పీల్చుకోదు. చవక రకం బంతులు పాలియెస్టర్‌వి. వాటికి గీతలు త్వరగా పడతాయి, మెరుపు త్వరగా పోతుంది.

అంటుకున్న మురికిలో ముఖ్యమైనవి మూడు: చేతి చెమటలోని జిడ్డు, బల్ల మీది ఉన్ని గుడ్డ నుంచి రాలిన నూగు, క్యూ కర్ర మొనకు రాసే చాక్ పొడి. వీటిలో అసలు గడుసుది చాక్. పేరుకు చాక్ గానీ, బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దకూ దీనికీ సంబంధం లేదు. విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే ఇద్దరు అమెరికన్లు 1897లో పేటెంట్ పొందినప్పటి నుంచి ఇందులో సిలికా, కోరండం వంటి కఠినమైన పొడులు వాడుతున్నారు. మోస్ కాఠిన్య కొలమానంలో (అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) సిలికా రూపమైన క్వార్ట్జ్‌ది 7వ స్థానం, కోరండంది 9వది; రెజిన్ వీటికంటే ఎంతో మెత్తన. కాబట్టి చాక్ పట్టిన బంతిని పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే, శుభ్రం చేస్తున్నామనుకుంటూనే గరుకు కాగితంతో గీస్తున్నట్టు లెక్క. ముందు నీళ్ళు, తరువాతే గుడ్డ అనే క్రమానికి కారణం ఇదే.

పద్ధతి చాలా సులువు. బకెట్ అడుగున పాత తువ్వాలు పరిచి (బంతులు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడకుండా), గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు కడిగే ద్రవం నాలుగు చుక్కలు కలిపి, బంతులను కాసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, మంచి నీళ్ళలో జాడించాలి. ఇక్కడ నీటి సంగతి చెప్పక తప్పదు. మా వైపు బోరు నీళ్ళు చాలా చోట్ల కఠిన జలాలే. బట్టల సబ్బు వాడితే ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దానితో కలిసి కరగని తెట్టు కడతాయి. ద్రవ డిటర్జెంట్‌తో ఆ బాధ తక్కువే అయినా, జాడించిన నీరు బంతి మీదే ఆరితే బకెట్ అంచున పేరుకునేలాంటి తెల్లటి మచ్చ మిగులుతుంది. చివరి జాడింపు నల్లా నీళ్ళతోనో ఫిల్టర్ నీళ్ళతోనో చేసి, వెంటనే తడి లేకుండా తుడవడం మేలు. ఓరుగల్లు ఎండ చూసి డాబా మీద ఆరబెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. వెలుతురు, గాలి కలిసి ఫినాలిక్ రెజిన్‌ను మెల్లగా పసుపు రంగుకు తిప్పుతాయి. ఏళ్ళ తరబడి వాడిన తెల్ల బంతి వెన్నరంగుకు రావడం మురికి వల్ల కాదు కాబట్టి, ఎంత కడిగినా అది పోదు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళలో వేస్తే పైపొర దెబ్బతినడం తప్ప లాభం లేదు.

ఇంత శ్రమ అందం కోసమేనా అంటే, కాదు. రెండు బంతులు పక్కవాటుగా తాకినప్పుడు వాటి మధ్య ఘర్షణ ఎదుటి బంతిని అనుకున్న దారి నుంచి కొద్దిగా పక్కకు లాగుతుంది. శుభ్రమైన బంతుల మధ్య ఈ లాగుడు స్వల్పం. అలవాటైన చేయి దానిని లెక్కలోకి తీసుకునే గురిపెడుతుంది. సరిగ్గా తాకిన చోటే చాక్ మరక ఉంటే ఆ క్షణంలో ఘర్షణ పెరిగి లెక్క తప్పుతుంది. పూల్‌ను పోలిన స్నూకర్ ఆటలో ఆటగాళ్ళు ‘కిక్’ అని విసుక్కునేది చాలాసార్లు దీనినే. దారి ఒక్క డిగ్రీ తప్పినా, మీటరు దూరం పోయేసరికి తేడా 17 మిల్లీమీటర్లు దాటుతుంది. పూల్ బంతి వ్యాసమే 57.15 మిల్లీమీటర్లు కాబట్టి, జేబులో పడవలసిన బంతి అంచుకు కొట్టుకుని వెనక్కి రావడానికి ఆ తేడా చాలు.

మెరుగు పెట్టడం వేరే పని, దానికి వేరే జాగ్రత్త కావాలి. వేయి స్తంభాల గుడిలోని నల్లరాతి నందిని చూసినవారికి, ఎనిమిది వందల ఏళ్ళు దాటినా దాని ఒంటి మీద నిలిచిన నునుపు గుర్తుండే ఉంటుంది. నేటి కరీంనగర్ గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రాయికి నునుపు తెచ్చే సూత్రం ఒక్కటే: ముతక పొడితో మొదలుపెట్టి, అంతకంతకు సన్నని పొడులతో అరగదీస్తూ పోవడం. ఉపరితలం మీది గీతలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా బాగా చిన్నవైనప్పుడు, వెలుగు చెదరకుండా ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. దానినే మనం మెరుపు అంటాం. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను తెల్ల బంతిని టూత్‌పేస్ట్‌తో అరగంట రుద్దాను. మరకలు పోయాయి గానీ బంతి మంచు పట్టిన అద్దంలా తయారైంది. పళ్ళ గార తీయడానికి సరిపోయే పొడి, బంతికి మెరుపు తెచ్చేంత సన్ననిది కాదన్నమాట. బంతుల కోసమే తయారైన పాలిష్ దొరికితే దానినే వాడాలి, అదీ చాలా అరుదుగా. కారుకు పూసే మైనం, సిలికోన్ పాలిష్‌లు మెరిపిస్తాయి గానీ, బంతిని జారుడుగా మార్చి, బల్ల గుడ్డకు కూడా అంటుకుంటాయి.

అరుదుగా అనడానికి కారణం, పాలిష్ అంటే ఎంతో కొంత అరగదీయడమే. స్నూకర్ నియమాల ప్రకారం బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, అందులో హెచ్చుతగ్గులు 0.05 మిల్లీమీటరు మించకూడదు, అంటే ఇంచుమించు ఒక సన్నని వెంట్రుక మందం. మామూలుగానే అన్ని దెబ్బలూ తినే తెల్ల బంతి తక్కిన వాటికంటే ముందుగా అరుగుతుంది, మరకలు కూడా దానికే ఎక్కువ కనుక మనం దానినే ఎక్కువసార్లు రుద్దుతాం. తేడా వచ్చిందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. చదునైన అద్దం మీద రెండు రంగు బంతుల మధ్య తెల్ల బంతిని ఆనించి పెట్టి, మూడింటి నెత్తిన ఒక ఉక్కు స్కేలు ఉంచి, వెనుక నుంచి సెల్‌ఫోన్ లైటు వేయాలి. మా తెల్ల బంతికీ స్కేలుకూ మధ్య సన్నని వెలుగు గీత కనబడింది.