పులుల లెక్క కోసం నడిచేవాళ్లు

2022 నాటి అఖిల భారత పులుల గణన కోసం సిబ్బంది అడవుల్లో నడిచిన దూరం 6,41,449 కిలోమీటర్లు. భూమధ్యరేఖ పొడవు సుమారు 40 వేల కిలోమీటర్లు. అంటే మన ఫారెస్ట్ గార్డులు, వాచర్లు, ట్రాకర్లు అంతా కలిసి భూమిని పదహారు సార్లు చుట్టి వచ్చినంత నడక నడిచారు. 2023 ఏప్రిల్‌లో పులుల కనీస సంఖ్యగా 3,167 అని ప్రకటించారు. అదే ఏడాది జూలైలో సగటు అంచనా 3,682 అని చెప్పారు. ఈ రెండు అంకెలూ అందరికీ గుర్తున్నాయి. నడక అంకె మాత్రం ఎక్కడా పెద్దగా వినిపించలేదు.

పులుల్ని లెక్కపెట్టే ఈ పని గురించి మాట్లాడేటప్పుడు ఇప్పుడు ఎక్కువగా వినిపించేది కెమెరాలు, యాప్‌లు, కృత్రిమ మేధ. అవి అవసరమే. కానీ ఈ లెక్క పుట్టుక దగ్గర నుంచి చూస్తూ వస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో పులుల లెక్క తప్పిన ప్రతిసారీ పద్ధతిలో లోపం ఉన్నమాట నిజమే. దాని పక్కనే ఇంకో లోపం కూడా ఉంది. అడవిలో తిరిగే మనిషి తను చూసింది చూసినట్టు రాస్తే, ఆ రాత పైదాకా వెళ్లలేదు. ముఖ్యంగా "ఏమీ కనిపించలేదు" అన్న రాత.

పాత రోజుల నుంచి మొదలుపెడదాం. బ్రిటిష్ పాలనలో పులులకు సంబంధించి సర్కారు దగ్గరున్న లెక్క చచ్చిన పులుల లెక్క. పులిని చంపి ఆనవాలు తెచ్చి చూపిస్తే బహుమానం ఇచ్చేవారు, దానికో పద్దు ఉండేది. బతికున్నవెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. "వందేళ్ల కిందట మన దేశంలో 40 వేల పులులుండేవి" అన్న మాట ఇప్పటికీ వ్యాసాల్లో కనిపిస్తుంటుంది. అది ఇ.పి. గీ అనే ప్రకృతి పరిశీలకుడు వేసిన ఊహ. పేరున్న మనిషి చెప్పాడు కాబట్టి నిలిచిపోయింది, అంతే. దాన్ని గణన ఫలితంలా చెప్పడం సరికాదు.

1969లో ఢిల్లీలో జరిగిన ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) మహాసభలో పులి పరిస్థితి మీద ఆందోళన వ్యక్తమైంది. 1970లో వేట మీద నిషేధం వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అదే ఏడాది దేశవ్యాప్తంగా మొదటిసారి లెక్కపెడితే తేలినవి 1,827. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో పులుల రక్షణ పథకం ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. మొదట తొమ్మిది రిజర్వులు, తొలి డైరెక్టర్ కైలాష్ సంఖాలా.

ఆ లెక్కకు వాడింది పాదముద్రల పద్ధతి. దాన్ని రూపొందించింది ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి. సిమ్లిపాల్ రిజర్వుకు తొలి ఫీల్డ్ డైరెక్టర్ ఆయనే. ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో పెంచిన మనిషి కూడా ఆయనే. పద్ధతి చూడ్డానికి సులువుగా ఉంటుంది. నిర్ణయించిన రోజుల్లో అన్ని బీట్లలోనూ (ఒక్కో గార్డుకు అప్పగించిన అడవి భాగాల్లో) ఒకేసారి సిబ్బంది బయల్దేరతారు. బాటల మీద, వాగుల ఒడ్డున, మెత్తటి దుమ్ములో పులి అడుగు కోసం వెతుకుతారు. దొరికితే దాని మీద కాళ్లున్న గాజు పలకను పెట్టి, అడుగు అంచు వెంట గీత గీసి, ఆ గీతను కాగితం మీదకు ఎత్తుకుంటారు. కొన్నిచోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తారు. వెనుక ఎడమ కాలి ముద్ర ముఖ్యం. ఆ కాగితాలన్నీ ఒకచోట చేరాక, అనుభవమున్న అధికారులు పక్కపక్కన పెట్టి చూసి "ఇది ఒక పులి, ఇది ఇంకొకటి" అని తేలుస్తారు.

ఈ పద్ధతిని ఇప్పుడు తేలిగ్గా తీసిపారేయడం పరిపాటి అయింది. నేను అలా అనలేను. అప్పటికి వేరే దారి లేదు. పైగా వేల మంది గార్డులకు నేల చదవడం నేర్పింది అదే. ముద్ర ఈ రోజుదా నిన్నటిదా, మగదా ఆడదా, తీరిగ్గా నడిచిందా తరిమిందా అన్నది చూసి చెప్పగల తరం ఒకటి ఆ పద్ధతి వల్లే తయారైంది. ఆ నైపుణ్యం నిజమైనది. అయితే దాని మీద మోపిన బరువు మరీ ఎక్కువ. ఒకే పులి అడుగు తడి మట్టిలో ఒకలా, పొడి ఇసుకలో ఒకలా, వాలు మీద ఇంకోలా పడుతుంది. గీత గీసే చేయి మారితే గీత కూడా మారుతుంది. రాళ్ల నేలలో ముద్రే పడదు. పైగా దేశంలోని పులులన్నింటినీ ఒక్కటి కూడా వదలకుండా పట్టుకుంటామనే నమ్మకం మీద లెక్కంతా నడిచింది. ఎంత తప్పి ఉండవచ్చో చెప్పే వీలే అందులో లేదు.

అంకెలు మాత్రం మొదట పెరుగుతూ పోయాయి. 1989లో 4,334 అన్నారు. తర్వాత కొంత తగ్గి 2001-02లో 3,642 అన్నారు. లెక్క పెరిగితే మంచి పేరు, తగ్గితే సంజాయిషీ. అలాంటి వ్యవస్థలో కింది మనిషి మీద ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇది బద్దలైంది రాజస్థాన్‌లోని సరిస్కాలో. 2004 లెక్కలో అక్కడ పదహారుకు పైగా పులులున్నట్టు రాశారు. 2005 తొలి నెలలకల్లా ఒక్కటీ లేదని తేలిపోయింది. వేటగాళ్లు అన్నింటినీ తుడిచిపెట్టేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్‌ను వేసింది. ఆ నివేదిక బయటపెట్టిన వాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఒక పోలిక. అధికారిక లెక్క ఏటా ఇంచుమించు ఒకేలా కొనసాగుతుంటే, సిబ్బంది కళ్లారా చూసిన పులుల సంఖ్య మాత్రం ఏటికేడు పడిపోతూ సున్నా దగ్గరకు వచ్చేసింది. పులులు కనబడటం లేదన్న సంగతి సరిస్కాలో తిరిగేవాళ్లకు ముందే తెలుసు. అది కాగితం మీద కూడా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నేళ్లకే, 2009లో, మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనూ ఇదే జరిగింది. రెండు చోట్లా తర్వాత బయటి నుంచి పులుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు రెండు చోట్లా పులులున్నాయి, సంతోషమే. పోయిన ఆ సంతతులు మాత్రం తిరిగి రావు.

కెమెరా కథ ఇంకా పాతది. 1920ల్లోనే ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే బాటలో తీగ కట్టి, అది తీగను తాకగానే ఫ్లాష్ వెలిగి ఫోటో పడేలా ఏర్పాటు చేసుకున్నాడు. తుపాకీతో పులిని పడగొట్టడం గొప్పగా చెప్పుకునే కాలంలో ఆయన కెమెరా పట్టుకున్నాడు. చారలు చూసి ఏ పులికి ఆ పులిని వేరుగా గుర్తుపట్టవచ్చన్నది ఆ ఫోటోల్లోనే కనిపిస్తుంది. ఆ సంగతి లెక్కకు పనికొచ్చేలా మారడానికి డెబ్భై ఏళ్లు పట్టింది. ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో కెమెరా ట్రాపులు (జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫోటో తీసే కెమెరాలు) పెట్టి, పడిన ఫోటోల్లో కొత్త పులులెన్ని, మళ్లీ మళ్లీ పడ్డవెన్ని అని చూసి, కెమెరాకు చిక్కనివి ఎన్ని ఉండవచ్చో గణిత పద్ధతిలో అంచనా కట్టారు. 1995లో ఆ పరిశోధన అచ్చయింది. ఇందులో ముఖ్యమైనది ఏమిటంటే, కనబడనివి కొన్ని ఉంటాయని ఒప్పుకుని, ఎంత తప్పు ఉండవచ్చో కూడా అంకెతో పాటే చెప్పడం. పాదముద్రల పద్ధతికి లేనిది ఇదే.

సరిస్కా తర్వాత చట్టం సవరించారు, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి, నడక సర్వే, కెమెరాలు రెండూ ఉన్న కొత్త పద్ధతి తెచ్చింది. 2006లో మొదటిసారి దాన్ని అమలుచేస్తే వచ్చిన అంచనా 1,411. నాలుగైదేళ్లలో సగానికి పైగా పులులు చచ్చిపోయాయని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అది పొరపాటు. పాత అంకెను, కొత్త అంకెను ఒకే తక్కెడలో పెట్టి తూచకూడదు. రెండూ వేర్వేరు పద్ధతుల్లో వచ్చినవి. తర్వాత నాలుగేళ్లకోసారి వచ్చిన అంచనాలు 1,706, 2,226, 2,967, 3,682. ఇవి మాత్రం కొంతవరకు ఒకదానితో ఒకటి పోల్చుకోదగ్గవి, అదీ ప్రతి విడతకూ కలిసిన కొత్త ప్రాంతాలను, పెరిగిన కెమెరాలను మనసులో పెట్టుకుని.

ఇప్పుడు కెమెరాల సంఖ్య చూస్తే కళ్లు తిరుగుతాయి. 2018లో 26,838 చోట్ల పెట్టారు, గిన్నిస్ రికార్డులోకి ఎక్కింది. 2022లో 32,588 చోట్ల పెడితే 4.7 కోట్ల ఫోటోలు పడ్డాయి. వాటిలో పులివి లక్షలోపే. వాటిలోంచి వేరుగా గుర్తించిన పులులు 3,080. ఒక్కో చోట రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు, ఎందుకంటే పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకలా ఉండవు. మోకాలి ఎత్తులో చెట్టుకు కట్టాలి. ముందున్న గడ్డి కోయాలి, లేకపోతే గాలికి గడ్డి ఊగిన ప్రతిసారీ ఫోటో పడుతుంది. మధ్యమధ్యలో వెళ్లి బ్యాటరీలు, కార్డులు చూసుకోవాలి. ఏనుగు పీకేస్తే, ఎలుగుబంటి కొరికితే, ఎవరైనా ఎత్తుకుపోతే మళ్లీ కట్టాలి. ఇవన్నీ చేసేది మనిషే.

కెమెరాల కంటే ముందు మరో దశ ఉంటుంది. నా దృష్టిలో అసలు లెక్క అక్కడే ఉంది. దేశంలో పులి ఉండే అవకాశమున్న ప్రతి అటవీ బీట్‌లోనూ సిబ్బంది తెల్లవారుజామున బయల్దేరి, ఒక్కో బాట కనీసం ఐదు కిలోమీటర్ల చొప్పున నడుస్తారు. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కల అడుగులు, మలం, చెట్ల మీద గోళ్ల గీతలు వెతుకుతారు. ఇంకో రోజు రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంట చప్పుడు చేయకుండా నడుస్తూ దుప్పి, కణుజు, మనుబోతు, అడవిపంది ఎన్ని కనిపించాయి, ఎంత దూరంలో, ఏ దిక్కున అన్నది రాసుకుంటారు. అదే గీత మీద కొన్ని చోట్ల ఆగి చుట్టూ ఏ చెట్లున్నాయి, పొదలెంత, గడ్డెంత, కొమ్మలు నరికారా, పశువులు మేసాయా అని చూస్తారు. పెంటికలు లెక్కపెడతారు. పులి తినే జంతువు లేనిచోట పులి నిలవదు, గడ్డి లేనిచోట ఆ జంతువు నిలవదు. అందుకే ఇది పులుల గణన అని పేరే గానీ, నిజానికి నాలుగేళ్లకోసారి అడవి మొత్తానికి చేసే ఆరోగ్య పరీక్ష.

ఈ పనికి మన నల్లమల మంచి ఉదాహరణ. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. 3,568 చదరపు కిలోమీటర్లతో అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద రిజర్వు. మావోయిస్టు ఉద్యమం బలంగా ఉన్న కాలంలో సిబ్బందికి లోపలి బీట్ల దాకా వెళ్లడమే గగనమైంది. వెళ్లలేని చోటికి లెక్క ఎలా వస్తుంది? రాష్ట్ర విభజనతో కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణకు వెళ్లింది. గీత మ్యాప్ మీద పడింది, పులి మాత్రం నది ఈదుతుంది.

నల్లమలలో ఎన్ని పద్ధతులు మారినా మారనివాళ్లు చెంచులు. రెండు రాష్ట్రాల్లోనూ అటవీ శాఖ వాళ్లను బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా పెట్టుకుంది. ఎండాకాలంలో ఏ చెలమలో నీళ్లుంటాయి, ఏ బాట మీదుగా పులి దిగుతుంది, కొండముచ్చు అరుపులో ఏది మామూలుది, ఏది పులిని చూసినది అన్నది పెంటల్లో (చెంచు గూడేల్లో) పుట్టి పెరిగిన మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కెమెరా ఏ చెట్టుకు కడితే పులి పడుతుందో సాఫ్ట్‌వేర్ చెప్పదు. వాచర్ చెబుతాడు. నివేదికలో గళ్లు గళ్లుగా కనిపించే మ్యాప్‌లో ప్రతి గడి వెనుకా ఇలాంటి తెలివిడి ఉంది. దానికి పేరు పెట్టి గుర్తించడం మాత్రం చాలా అరుదు.

2010 నుంచి ఎం-స్ట్రైప్స్ అనే వ్యవస్థ వచ్చింది. ఫోన్‌లో యాప్ తెరిచి నడిస్తే ఎక్కడెక్కడ తిరిగారో దారి నమోదవుతుంది, గుర్తు కనిపించిన చోటే ఫోటో తీసి ఎక్కించవచ్చు. ఆఫీసులో కూర్చుని గణాంకాలు నింపే అవకాశం దీనితో బాగా తగ్గింది. నాకు ఇది నిఘా కంటే ఎక్కువగా కింది ఉద్యోగికి రక్షణగా కనిపిస్తుంది. "నేను ఈ బీట్‌లో పదిహేను కిలోమీటర్లు నడిచాను, పులి గుర్తు ఒక్కటీ లేదు" అని అతను రాస్తే, నడవకుండానే రాశాడని ఇప్పుడు ఎవరూ అనలేరు. సరిస్కాలో ఆ కాగితాలకు లేని బలం ఇది.

అయితే ప్రమాదం మాత్రం పాతదే. 2021 నవంబరులో మహారాష్ట్రలోని తాడోబాలో ఇదే గణన కోసం బాట మీద గుర్తులు వెతుకుతూ నడుస్తున్న ఒక మహిళా ఫారెస్ట్ గార్డును ఆడపులి చంపేసింది. ఆమె వెంట కొద్దిమంది సహాయకులున్నారు, చేతుల్లో ఆయుధాలు లేవు. ఆమె శాశ్వత ఉద్యోగి. వెంట నడిచే వాచర్లలో ఎక్కువమంది దినకూలీ మీదో, ఔట్‌సోర్సింగ్ మీదో పనిచేసేవాళ్లు. వాళ్లకు పదేళ్ల అనుభవం ఉన్నా కాగితం మీద అది సర్వీసు కాదు. శాస్త్రీయ గణన అని మనం గర్వంగా చెప్పుకునే పనికి పునాది రాయి ఈ మనిషి. ప్రతి విడతకూ కెమెరాలకు, సర్వర్లకు బడ్జెట్ పెరుగుతుంటే ఇతని జీతం, బీమా, బూట్ల గురించి అదే స్థాయిలో చర్చ జరగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇలాంటివాళ్లు మానేసి వెళ్లిపోతే ఏం పోతుందో కూడా చెప్పాలి. ఒక బీట్‌లో పదేళ్లు తిరిగిన వాచర్‌కు అక్కడి ఆడపులి ఏ వాగు పొదల్లో పిల్లల్ని దాస్తుందో తెలుసు. ఏ నెలలో దుప్పులు ఏ మైదానానికి దిగుతాయో తెలుసు. పోయినేడు లేని కలుపు మొక్క ఈ ఏడు గడ్డిని ఎక్కడ మింగుతోందో అందరికంటే ముందు చూసేది అతనే. అతని స్థానంలో కొత్తగా చేరిన కుర్రాడికి యాప్ వాడటం రెండు రోజుల శిక్షణలో వస్తుంది. ఆ బీట్ తెలియడానికి మాత్రం కనీసం రెండు మూడు ఎండాకాలాలు, రెండు మూడు వానాకాలాలు అక్కడే తిరగాలి.