ఒకే మనిషికి రెండు పిస్టళ్లు అమ్మితే: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో తుపాకుల దుకాణంలో కాగితాల పని నాది. ఒకే మనిషి రెండు పిస్టళ్లు కొన్నాడంటే, ఆ రోజు దుకాణం కట్టేసేలోపు 3310.4 అనే ఫామ్ తుపాకుల వ్యాపారాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్‌కి వెళ్లిపోవాలి. కొనేవాళ్లకే కాదు, కౌంటర్‌లో పనిచేసే కుర్రాళ్లకు కూడా దీని గురించి సరిగ్గా తెలియదు.

అపోహ: రెండూ ఒకే బిల్లులో ఉంటేనే రిపోర్ట్.

వాస్తవం: వరుసగా ఐదు పనిదినాల్లో ఎప్పుడు రెండోది అమ్మినా రిపోర్ట్ పంపాల్సిందే. సోమవారం పిస్టల్, శుక్రవారం రివాల్వర్ తీసుకున్నా లెక్కే. పనిదినమంటే ఇక్కడ మన దుకాణం తెరిచిన రోజు, ప్రభుత్వ ఆఫీసులకు సెలవైనా సరే. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మొదటిది ఒకరు అమ్ముతారు, రెండోది ఇంకొకరు. అందుకే ప్రతి అమ్మకానికీ ముందు రికార్డుల్లో ఆ పేరు వెతకమని మావాళ్ల వెంటపడతాను.

అపోహ: రిపోర్ట్ వెళ్లిందంటే కొన్నవాడి మీద అనుమానం ఉన్నట్టే.

వాస్తవం: కాదు. ఎవరు కొన్నా పంపాలి. దానివల్ల అమ్మకం ఆగదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ వేరు. ఎక్కడో నేరం జరిగి పిస్టల్ దొరికిందనుకోండి. మామూలుగా వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ ఏటీఎఫ్ ట్రేసింగ్ సెంటర్ వాళ్లు, అది ఎవరు కొన్నారో తెలుసుకోవడానికి, తయారీ కంపెనీని, హోల్‌సేలర్‌ని, డీలర్‌ని వరుసగా అడగాలి. మన ఫామ్‌లో ఆ సీరియల్ నంబర్ ఉంటే కొన్నవాడి పేరు వెంటనే దొరుకుతుంది. ఆ నంబర్‌లో ఒక్క అంకె తప్పు రాస్తే ఇదంతా వృథా.

అపోహ: ఇది ప్రభుత్వం గుట్టుగా తయారుచేస్తున్న యజమానుల జాబితా.

వాస్తవం: అలాంటి కేంద్ర రిజిస్ట్రీని 1986 చట్టమే నిషేధించింది. పోలీసులకు కూడా వెళ్లే ఈ రిపోర్ట్ కాపీని, కొన్నవాడు అనర్హుడైతే తప్ప, వాళ్లు 20 రోజుల్లో నాశనం చేయాలి.

అపోహ: రైఫిళ్లకు ఇదేమీ వర్తించదు.

వాస్తవం: 2011 నుంచి టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా, కాలిఫోర్నియాల్లో వర్తిస్తుంది. మెక్సికోకి తుపాకులు తరలిపోతున్నాయనే పెట్టారు. .22 కంటే పెద్ద క్యాలిబర్ (గుండు వ్యాసం), ఊడదీసే మ్యాగజీన్ (గుళ్ల పెట్టె) ఉన్న సెమీ ఆటోమేటిక్‌లకు మాత్రమే. తుపాకుల వ్యాపారుల సంఘం కోర్టుకెళ్లినా 2013లో అప్పీల్ కోర్టు ఈ నిబంధనను సమర్థించింది. కానీ పక్కనే ఉన్న ఓక్లహోమాలో ఏఆర్-15 రైఫిళ్లు రెండు అమ్మినా ఏటీఎఫ్‌కి ఈ రిపోర్ట్ అక్కర్లేదు. నాలుగు రాష్ట్రాలతో ఆపేయడం నా దృష్టిలో పెద్ద లోటు.

అపోహ: రెండోది ఫ్రెండ్ పేరుమీద కొంటే గొడవే లేదు.

వాస్తవం: మనవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఇంకొకరి కోసం మీ పేరుతో కొంటే, అసలు కొనుగోలుదారు తామేనని కొనేవాళ్లు రాసిచ్చే 4473 ఫామ్‌లో అబద్ధం రాసినట్టే. అవతలివాళ్లు తుపాకీకి అనర్హులని తెలిసీ కొనిస్తే 2022 చట్టం కింద 15 ఏళ్ల దాకా జైలు. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు లేకపోతే, కొనడానికే అనర్హులు. మీ డబ్బుతో కొని, అర్హత ఉన్నవాళ్లకు బహుమతిగా ఇవ్వడం వేరు. డబ్బు వాళ్లదైతే అది బహుమతి కాదు.