ఫ్లోరైడును పట్టిచ్చే ఎరుపు

అనంతపురం ప్రాంతంలో బోర్లలో నీరు పడకపోవడం ఒక బాధ అయితే, పడిన నీటిలో ఫ్లోరైడు ఉండటం మరో బాధ. భూమి లోపలి గ్రానైటు, నైసు శిలల్లోని ఖనిజాల నుంచి అది నీటిలో కలుస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. నీటిని మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంత కొద్ది మొత్తాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకటి లోహ సంశ్లిష్ట సమ్మేళనం మీదే ఆధారపడింది.

లోహ అయానుకు ఎలక్ట్రాన్ జంటలను అందిస్తూ దాని చుట్టూ చేరే అణువులను, అయాన్లను లైగాండ్లు అంటారు; అలా ఏర్పడేదే సంశ్లిష్టం. 1893లో ఈ అమరికను సిద్ధాంతీకరించిన ఆల్ఫ్రెడ్ వెర్నర్‌కు 1913లో నోబెల్ బహుమతి లభించింది. లైగాండ్లన్నీ లోహాన్ని ఒకే బలంతో పట్టుకోవు. నీటి పరీక్షకు కీలకం ఈ తేడాయే.

ఎస్‌పీఏడీఎన్‌ఎస్ అనే రంజకం ఆమ్ల ద్రావణంలో జిర్కోనియం అనే లోహంతో కలిసి ఎర్రటి సంశ్లిష్టాన్ని ఇస్తుంది. 50 మిల్లీలీటర్ల బోరు నీటిలో ఈ ఎర్రటి ద్రావణాన్ని 10 మిల్లీలీటర్లు కలిపితే, నీటిలోని ఫ్లోరైడు జిర్కోనియంను రంజకం నుంచి లాగేసుకుని రంగులేని సంశ్లిష్టంగా మారుతుంది. ఫ్లోరైడు ఎంత ఎక్కువైతే ఎరుపు అంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను 570 నానోమీటర్ల కాంతి వద్ద, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తారు.

అయితే ఇందులో జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. ఫ్లోరైడును తొలగించడానికి నీటిలో పటిక, సున్నం వేసే పద్ధతి మన దేశంలో వాడుకలో ఉంది. పటికలోని అల్యూమినియం నీటిలో కొంత మిగిలిపోతే, అది ఫ్లోరైడును తన దగ్గరే పట్టి ఉంచుతుంది. జిర్కోనియందాకా చేరని ఫ్లోరైడు లెక్కలోకి రాదు. కాబట్టి శుద్ధి చేసిన నీటికి వచ్చిన తక్కువ అంకెను వెంటనే నమ్మడం సరికాదని నా అభిప్రాయం. ముందు స్వేదనం చేసి ఫ్లోరైడును వేరుచేస్తే ఈ దోషం తొలగుతుంది.

ఏ లైగాండు ఏ లోహాన్ని ఎంచుకుంటుందన్నదే అకర్బన రసాయనశాస్త్ర పరిశోధనలో లోతైన ప్రశ్న. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో హైడ్రజోన్ల వంటి లైగాండ్లపై జరిగిన కృషి ఈ కోవకే చెందుతుంది. ఫ్లోరైడును ఎలక్ట్రోడుతో కొలిచే మరో పద్ధతిలో నీటిలో కలిపే ద్రావణంలోనూ సీడీటీఏ అనే లైగాండు ఉంటుంది. అది అల్యూమినియంను గట్టిగా చుట్టేసి, చిక్కుకున్న ఫ్లోరైడును విడిపిస్తుంది.