సోఫా బటన్లు ఎందుకు ఊడతాయి? అపోహలు - వాస్తవాలు

సోఫా కుషన్లకు కొత్త గుడ్డ వేయించిన కొన్నాళ్లకే బటన్లు ఊడితే అందరూ దారాన్నే తప్పుపడతారు. ఊడిన బటన్‌ను పారేయకండి, ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. గుడ్డ తొడిగిన డొప్ప మాత్రమే చేతికొచ్చి, వెనుక మూత, తీగ కొక్కెం కుషన్‌లోనే ఉండిపోతే అది బటన్ తయారీలో లోపం. గుడ్డ మరీ మందంగా ఉంటే, బటన్‌కు గుడ్డ తొడిగే ప్రెస్‌లో మూత డొప్పలోకి పూర్తిగా దిగదు. కొక్కేనికి తెగిన దారం ముక్క ఉంటే రాపిడి వల్ల తెగినట్టు. దారం ఎక్కడా తెగకుండా మొత్తంగా వచ్చేస్తే ముడి జారింది, లేదా వెనుక దారాన్ని ఆపిన గుడ్డ చిరిగింది. నా పనిలో ఎక్కువగా చూసేది ఈ చివరి రకమే. అందుకే బటన్ ఎన్నేళ్లు ఉంటుందో కుషన్ వెనుక వైపు చేసే పనిని బట్టే చెబుతాను.

అపోహ: ఎంత బలంగా లాగి కడితే అంత గట్టిగా ఉంటుంది

అణగిన ఫోమ్ ఎప్పుడూ పైకి లేవాలనే చూస్తుంది. ఆ ఒత్తిడంతా దారం మీద, దారం తగులుకున్న గుడ్డ మీద పడుతుంది. కుషన్ మీద కూర్చోగానే దారం వదులవుతుంది, లేవగానే మళ్లీ బిగుస్తుంది. రోజూ పదేపదే ఇలా వదులై బిగుస్తుంటే సరిగా వేయని ముడి కొద్దికొద్దిగా జారుతుంది. బటన్‌ను లోతుగా లాగిన కొద్దీ ఈ బాధ పెరుగుతుంది. రెగ్జిన్, తోలు అయితే మరీ కష్టం. వాటిలో దబ్బనం చేసిన రంధ్రం పూడుకోదు, లాగుడుకు సాగి చీలుతుంది.

నాలుగంగుళాల కుషన్‌కు ముప్పాతిక అంగుళం లోతు చాలని నా అభిప్రాయం. ఇంకా లోతు కావాలంటే ఫోమ్‌లో ముందే గుంతలు కోసుకోవాలి, ఆ లోతుకు సరిపడా గుడ్డ కూడా అదనంగా వదలాలి. ఆ ఏర్పాటు లేకుండా బలంతో లోతు తేవాలని చూస్తే గుడ్డే నష్టపోతుంది.

అపోహ: గట్టిగా రెండు ముడులు వేస్తే చాలు

మొదటి ముడి వేసి రెండోదానికి చేయి తిప్పేలోపే ఫోమ్ పైకి తోస్తుంది, బిగువు పోతుంది. దీనికి జారుముడి వేయాలి. బటన్ కొక్కెంలోంచి దారం తీసి, రెండు కొసలనూ పొడవాటి దబ్బనంతో వెనక్కి తీసుకురండి. ఒక కొసను నిటారుగా పట్టుకోండి. రెండో కొసను దాని చుట్టూ రెండుసార్లు తిప్పి, ఆ చుట్ల లోపలి నుంచి బయటికి తీసి బిగించండి. ఇప్పుడు నిటారు కొసను లాగితే ముడి కిందికి జారుతూ వెళ్తుంది, వదిలినా ఆ చోటే పట్టుకుని ఉంటుంది.

అయితే అది తాత్కాలికమే. అన్ని బటన్లనూ ఇలాగే కట్టి, ఒక్కదానికీ తుది ముడి వేయకుండా కుషన్‌ను కంటికి ఎదురుగా పెట్టి పక్క నుంచి చూడాలి. ఒకసారి కూర్చుని లేవాలి. లోతు తేడా ఉన్నచోట సరిచేసుకోవాలి. ఆ తర్వాతే రెండు కొసలనూ జారుముడికి ఆనించి, ఒకదానిమీద ఒకటిగా రెండు మామూలు ముడులు వేసి బంధించాలి. కొసలను ముడి దగ్గరే కత్తిరించకండి, అంగుళం వదిలి లోపలికి దోపండి. బటన్లు ఎగుడుదిగుడుగా ఉన్న కుషన్లు చాలావరకు ఈ ఒక్క ఓపిక చూపకపోవడం వల్లే అలా తయారవుతాయి.

అపోహ: వెనుక వైపు ఎవరికీ కనిపించదు, ఎలా కట్టినా ఒకటే

ఇది వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. దారం సన్నగా ఉంటుంది. దాన్ని నేరుగా గుడ్డ మీద కడితే కోసుకుంటూ ముందుకు వెళ్లిపోతుంది. రెండు వైపులా వాడే కుషన్ అయితే వెనుక కూడా బటన్ పెట్టి, దాని కొక్కెంలోంచి దారం తీసి కట్టడం మంచిది. ఒకవైపే వాడేదైతే ముడి కింద తోలు ముక్కో, గట్టిగా చుట్టిన గుడ్డ చుట్టో పెట్టాలి. రెండు కొసలూ ఒకే రంధ్రంలోంచి రాకుండా కాస్త ఎడంగా రావాలి, లేకపోతే ఆ చుట్ట మీద దారానికి పట్టు దొరకదు.

సోఫా వీపు భాగంలో దారాన్ని చెక్క ఫ్రేముకు పిన్నులతో కొట్టేటప్పుడు ఒక పిన్నుతో సరిపెట్టకూడదు. ఒక పిన్ను కొట్టి, దారాన్ని వెనక్కి మడిచి ఇంకొకటి, మళ్లీ మడిచి మరొకటి కొట్టాలి. లాగుడు ఆ మడతల మీద పడుతుంది, పిన్ను ఊడిరాదు.

అపోహ: నైలాన్ దారం అయితే దిగుల్లేదు

నైలాన్ బలమైనదే. కానీ సాగుతుంది, నున్నగా ఉండి ముడి జారుతుంది, ఎండ తగిలే కిటికీ పక్కన త్వరగా బలహీనపడుతుంది. మైనం పూసిన పాలియెస్టర్ దారాన్ని నేను ఇష్టపడతాను. చేపల గాలానికి వాడే ఒంటిపోగు దారం మాత్రం వద్దు, అది ఫోమ్‌నూ గుడ్డనూ కోస్తుంది. కుట్టుమిషను నూలు దారాన్ని నాలుగు పేటలు వేసినా ఈ పనికి రాదు.

అపోహ: ముడి మీద జిగురు చుక్క వేస్తే శాశ్వతం

త్వరగా ఆరే జిగురు దారాన్ని పెళుసుగా చేస్తుంది. వంగి లేచే చోట పెళుసుతనం ప్రమాదం. నైలాన్ కొసను మంటకు చూపిస్తే పోగులు విడిపోవు, అంతవరకే. ముడికి దానివల్ల బలం రాదు.

అపోహ: ఊడింది ఒకటే, అదొక్కటే కట్టిస్తే సరి

మిగతా బటన్లదీ అదే వయసు దారం, అదే చేతి పని. ఒకటి ముడి జారి ఊడితే పక్కవాటిని వేళ్లతో లాగి చూడండి. ఫోమ్ పాతదై మెత్తబడి ఉంటే కొత్త బటన్ లోతు వాటితో కలవదు కూడా. అన్నిటినీ ఒకేసారి కట్టించడం మంచిది. ఫోమ్ కూడా మారిస్తే దారాలన్నీ కొత్తగా కొలుచుకోవాలి, కొత్త ఫోమ్ ఎక్కువగా తోస్తుంది.

చిన్నపిల్లలున్న ఇళ్లవారికి నేను తప్పకుండా చెప్పే విషయం ఒకటుంది. బటన్ సైజుల లెక్కలో 40 నంబరు అంటే ఒక అంగుళం అడ్డుకొలత. సోఫాలకు వాడే 36 నంబరుది సుమారు 23 మిల్లీమీటర్లు. బొమ్మల భద్రతా పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో ఇమిడిపోయే వస్తువును మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడేదిగా లెక్కిస్తారు. సోఫా బటన్ అందులో సులువుగా ఇమిడిపోతుంది. అలాంటి ఇళ్లలో కూర్చునే కుషన్లకు బటన్లు వద్దంటాను. దూది పరుపులకు వేసినట్టు దబ్బనంతో ఇటు నుంచి అటు దిగేలా కుట్టు వేసి, రెండు వైపులా దారపు కుచ్చుతో బిగిస్తే ఫోమ్ కదలకుండా ఉంటుంది, ఊడి నోట్లోకి వెళ్లే గట్టి ముక్క ఉండదు. ఆ కుచ్చును మాత్రం పీకినా పోగులు రానంత బిగువుగా కట్టాలి.