కవర్ లెటర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెజ్యూమేతో పాటు పంపే కవర్ లెటర్ ఎవరూ చదవరు.

వాస్తవం: నౌక్రీ సైట్‌లో ఒక్క క్లిక్‌తో అప్లై చేసేవాటికీ, వాకిన్‌లకీ, క్యాంపస్ డ్రైవ్‌లకీ దాదాపు ఎవరూ చదవరు. వాటికి రాయకండి. కానీ బెంగళూరులో కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఏ చిన్న స్టార్టప్‌కో నేరుగా మెయిల్ పెడుతున్నా, టెస్టింగ్ నుంచి డేటా వైపు మారుతున్నా, మధ్యలో గ్యాప్ ఉన్నా చదువుతారు. ముందు తెరిచేది రెజ్యూమేనే. అందులో ఏదో ఒకటి అంతు చిక్కకపోతే లెటర్ వైపు కళ్లు వెళతాయి. ‘2022లో తొమ్మిది నెలలు ఏం చేసింది?’ ‘తిరుపతిలో ఉన్నాడు, బెంగళూరు వస్తాడా?’ ‘పాత కంపెనీలో నోటీస్ 90 రోజులా?’ ఆ అనుమానం తీర్చడమే లెటర్ పని. మీ రెజ్యూమే చూడగానే ఎదుటివాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఏమిటో ముందు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాతే లెటర్ మొదలుపెట్టండి.

అపోహ: పేజీ నిండా ఉండాలి, వినయంగా ఉండాలి.

వాస్తవం: 200 నుంచి 250 పదాలు, మూడు పేరాలు. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్’ అనేది కాలేజీలో సెలవు చీటీ భాష. ప్రకటనలో పేరుంటే పేరుతో పలకరించండి, లేకపోతే ‘డియర్ హైరింగ్ మేనేజర్’ చాలు. మొదటి పేరాలో ఏ ఉద్యోగం, జాబ్ ఐడీ ఎంత, ఎవరైనా రిఫర్ చేస్తే వాళ్ల పేరు. మూడో పేరాలో పైన రాసుకున్న అనుమానానికి జవాబు, ఎప్పుడు చేరగలరో తేదీతో సహా.

అసలు సరుకు రెండో పేరా. జేడీలో (ఉద్యోగ వివరాల ప్రకటనలో) పది అడుగుతారు. మీరు రెండింటినే పట్టుకుని రుజువు చూపించండి. ‘టీమ్ ప్లేయర్‌ని, త్వరగా నేర్చుకుంటాను’ అని అందరూ రాస్తారు. దాని బదులు ఇలా ఉంటే?

‘బిల్లింగ్ మాడ్యూల్‌కి 140 రిగ్రెషన్ టెస్టులు మాన్యువల్‌గా చేసేవాళ్లం, రెండు రోజులు పట్టేది. వాటిలో 90 నేను సెలీనియంలో ఆటోమేట్ చేశాను. అవి ఇప్పుడు రాత్రి నడిచి పొద్దున్నకి రిపోర్ట్ ఇస్తున్నాయి. మిగతా 50లో ఓటీపీ, పేమెంట్ గేట్‌వే ఉన్నాయి కాబట్టి వాటిని ఇంకా చేత్తోనే చేస్తున్నాం.’

చివరి వాక్యం చూడండి. చేయని పని కూడా ఒప్పుకుంది. గొప్పలు చెప్పేవాళ్లు ఆ మాట రాయరు, అందుకే పైన చెప్పిన 90 మీదా నమ్మకం కుదురుతుంది. పైగా ఇంటర్వ్యూలో ప్రశ్న చాలావరకు అక్కడే పడుతుంది, జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. (లెటర్ ఇంగ్లీషులోనే పంపుతారు, కానీ ఆ పేరా ముందు తెలుగులో ఆలోచించి రాసుకుంటే డొల్ల మాటలు వాటంతటవే రాలిపోతాయి.)

అపోహ: గ్యాప్ దాచాలి, వీలైతే ఎక్స్‌పీరియన్స్ ‘పెట్టించుకోవాలి’ (అంటే లేని అనుభవం చూపించాలి).

వాస్తవం: 2014లో యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబర్) వచ్చాక ఈ ఎత్తు మరీ ప్రమాదం. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తేదీలు కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే అడుగుతారు. చేరాక బయటపడినా ఉద్యోగం ఊడుతుంది. గ్యాప్‌కి రెండు వాక్యాలు చాలు: ‘2022 జూన్ నుంచి 2023 మార్చి వరకు ఇంట్లో వైద్య అవసరం వల్ల నెల్లూరులో ఉన్నాను. ఇప్పుడు ఆ బాధ్యత తమ్ముడు చూసుకుంటున్నాడు, బెంగళూరులో ఆఫీసుకి వచ్చి పనిచేయగలను.’ జబ్బు వివరాలు అక్కర్లేదు. రెండో వాక్యం మాత్రం వదలొద్దు, ఎందుకంటే వాళ్ల భయం జరిగిపోయినదాని గురించి కాదు, మళ్లీ వస్తుందేమోనని.

అపోహ: కీవర్డ్‌లు తెల్ల అక్షరాల్లో దాస్తే ఏటీఎస్ (దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేర్) పాస్ చేస్తుంది.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ రంగు వదిలేసి అక్షరాలు తీసుకుంటే, దాచిన జాబితా రిక్రూటర్ స్క్రీన్ మీద నల్లగా కనిపిస్తుంది. ఇక చెప్పేదేముంది.

అపోహ: చాట్‌జీపీటీ రాసిస్తుంది కదా.

వాస్తవం: ఇంగ్లీషు సరిదిద్దడానికి వాడుకోండి, తప్పేం లేదు. జేడీ ఒక్కటే ఇచ్చి రాయమంటే మాత్రం ఆ జేడీనే తిప్పి మీ చేతిలో పెడుతుంది. మీ అంకెలు దానికి తెలియవు, ఒక్కోసారి కల్పిస్తుంది కూడా. ఓ పరీక్ష: కంపెనీ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టండి. లెటర్ అలాగే అతికితే తిరగరాయాలి.

అపోహ: లెటర్‌ని విడిగా పీడీఎఫ్ చేసి జతచేయాలి.

వాస్తవం: పోర్టల్‌లో ప్రత్యేకంగా అడిగితేనే. మెయిల్ పంపుతుంటే మెయిలే లెటర్. సబ్జెక్టులో ‘క్యూఏ ఇంజినీర్, 3 ఏళ్లు, 30 రోజుల నోటీస్, బెంగళూరు’ అంటే చాలు (క్యూఏ అంటే టెస్టింగ్). తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. పీజీ హాస్టల్‌లో రూమ్మేట్ లెటర్ తెచ్చి పేర్లు మారుస్తారు, ఒకచోట పాత కంపెనీ పేరు మిగిలిపోతుంది. పేరు మార్చినా, అతికించిన ముక్క వేరే ఫాంట్‌లో పడి గుట్టు బయటపెడుతుంది. జీమెయిల్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కితే ఆ ఫార్మాటింగ్ పోతుంది. పాత మెయిల్ ఫార్వర్డ్ చేయొద్దు. ముప్పైమంది హెచ్‌ఆర్‌లను సీసీలో పెట్టొద్దు. ఫైల్ పేరు ‘ఫైనల్ న్యూ 2’ కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు ఉండాలి.

అపోహ: భాషలు రాయడం దండగ.

వాస్తవం: కోడింగ్ ఉద్యోగానికైతే దండగే. సేల్స్, ఆసుపత్రి ఫ్రంట్ డెస్క్, కస్టమర్ సపోర్ట్‌కి బెంగళూరులో కన్నడ, తెలుగు రెండూ వస్తే మొదటి పేరాలోనే రాయండి. ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడ రాదు) దగ్గరే ఆగిపోయినవాళ్లు మాత్రం రాయొద్దు, మొదటి ఫోన్ కన్నడలోనే రావచ్చు.

జీతం సంగతి ప్రకటనలో అడిగితేనే, అదీ ఒక్క అంకెతో. జవాబు రాకపోతే వారం ఆగి, అదే మెయిల్‌కి రిప్లైగా రెండు లైన్లు, ఒక్కసారి. రిక్రూటర్ నంబర్ వెతికి పట్టుకుని వాట్సాప్‌లో ‘ఎనీ అప్‌డేట్?’ అని పెట్టొద్దు.