విశాఖలో పన్ను పీకడం ఉచితం, నిలబెట్టుకోవడమే ఖర్చు

పిప్పి పన్నుతో ప్రభుత్వాసుపత్రికి వెళ్తే విశాఖలో వైద్యమే దొరకదని ఎవరూ అనరు. ఓపీ చీటీ రాయించుకుని వరసలో కూర్చుంటే పన్ను పీకుతారు, మాత్రలిస్తారు, డబ్బు అడగరు. పన్ను పీకొద్దు, ఉంచండి అన్నప్పుడే చిక్కు. రూట్ కెనాల్ (పంటి లోపల పాడైన నరం తీసి నింపడం), దాని మీద క్యాప్, పోయిన పళ్ళ చోట కట్టుడు పళ్ళు అనేసరికి చాలామంది ప్రైవేటు క్లినిక్ గుమ్మం ఎక్కాల్సిందే. అక్కడ లెక్క వేలల్లో ఉంటుంది. రోజు కూలీ మీద బతికే మనిషి నాలుగు రోజులు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, చివరికి పీకించేసుకుంటాడు.

ఇందులో డాక్టర్ల తప్పు వెతకడం తేలిక, కానీ అది న్యాయం కాదు. పన్ను పీకడానికి మత్తు ఇంజెక్షన్, పట్టకారు, కొద్ది నిమిషాల సమయం చాలు. రూట్ కెనాల్‌కు ఎక్స్‌రే కావాలి, పంటి లోపల గీకే సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళు కావాలి, చాలాసార్లు ఒకటికి మించి సిట్టింగులు కావాలి. క్యాప్ చేయాలంటే ల్యాబ్, అందులో టెక్నీషియన్, ముడిసరుకు ఉండాలి. పళ్ళ వైద్యం చేసే కుర్చీకి కరెంటు, నీళ్ళు, గాలి కంప్రెసర్ ఉండాలి, ఏది ఆగినా పని ఆగుతుంది. ఓపీ బయట జనం కిక్కిరిసి ఉంటే ఒకే కుర్చీ ముందు డాక్టర్ ఏ పని ఎంచుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఆ కుర్చీలు ఇంత తక్కువగా ఎందుకున్నాయో తెలియాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మన పెద్దాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్)ను 1923 జులైలో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్ రాజా ప్రారంభించారు. ఆంధ్ర మెడికల్ కాలేజీ మొదలైందీ ఆ ఏడాదే. ఒళ్ళంతటికీ డాక్టర్లను తయారుచేసే కాలేజీ వచ్చింది గానీ పళ్ళ డాక్టర్లను తయారుచేసేది రాలేదు. అప్పట్లో దేశం మొత్తంమీదే పళ్ళ వైద్యం అరుదు. 1920లో డాక్టర్ ఆర్. అహ్మద్ కలకత్తాలో దేశంలోనే తొలి డెంటల్ కాలేజీ పెట్టారు. ఈ వృత్తికంటూ చట్టం 1948లో గానీ రాలేదు. ఆ దంత వైద్యుల చట్టం రిజిస్టర్‌ను రెండు భాగాలు చేసింది. చదువుకున్నవాళ్ళు 'ఎ' భాగంలో, డిగ్రీ లేకపోయినా అప్పటికే ఆ పని మీద బతుకుతున్నవాళ్ళు 'బి' భాగంలో. బి భాగం పెట్టాల్సి రావడంలోనే అప్పటి కొరత తెలుస్తోంది.

హైదరాబాద్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959లో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా మొదలైంది. తర్వాత దశాబ్దాలకు విజయవాడకు, ఆ తర్వాత కడపకు వచ్చాయి. 2014 విభజనతో హైదరాబాద్ కాలేజీ తెలంగాణకు పోయింది. ఉత్తరాంధ్రకు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వ డెంటల్ కాలేజీ లేదు. కాలేజీ అంటే సీట్ల గొడవ మాత్రమే అనుకుంటాం. కానీ డెంటల్ కాలేజీ ఉన్నచోట చిగుళ్ళకు, రూట్ కెనాల్‌కు, కట్టుడు పళ్ళకు, పిల్లల పళ్ళకు వేర్వేరు విభాగాలు, వరసగా కుర్చీలు, సొంత ల్యాబ్ ఉంటాయి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అవన్నీ కలిపి ఒకే డిపార్ట్‌మెంట్. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చే జనానికి అదే దిక్కు.

విశాఖ కథలో ఇంకో మలుపు ఉంది. ఇది పబ్లిక్ సెక్టార్ ఊరు. 1933లో పోర్టు తెరిచారు, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, 1971లో ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. పోర్టుకు ఆసుపత్రి, రైల్వేకు ఆసుపత్రి, స్టీల్ ప్లాంటుకు టౌన్‌షిప్‌లో జనరల్ హాస్పిటల్. నేవీకి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి ఉంది, పైగా 1941లో పుట్టిన ఆర్మీ డెంటల్ కోర్ త్రివిధ దళాల పళ్ళూ చూసుకుంటుంది. ఫ్యాక్టరీ కార్మికులకు 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) పథకం కింద మల్కాపురంలో ఆసుపత్రి ఉంది. అంటే ఈ ఊళ్ళో సర్కారు సొమ్ముతో నడిచే వైద్యానికి లోటు లేదు, ఏ గేటు లోపలికి వెళ్ళగలరన్నదే ప్రశ్న. ఉద్యోగుల వైద్య కార్డున్న ఇంట్లో అమ్మమ్మకు పళ్ళ సెట్టు వస్తుంది, గోడ అవతల ఆటో డ్రైవర్ తల్లి అన్నం మెత్తగా పిసుక్కుని తింటుంది. ఈఎస్‌ఐకి నెల జీతం పరిమితి 2017 నుంచి 21,000 రూపాయలు. జీతం అది దాటిన చిరుద్యోగికి కొత్తగా చేరేటప్పుడు ఆ గేటూ ఉండదు. ఊరు గట్టిగా నోరెత్తకపోవడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. అడగగలిగే గొంతుల్లో చాలా వాటికి అప్పటికే కార్డులున్నాయి.

విశాఖ డాక్టర్లు జనం నోటి వైపు చూడలేదా అంటే, చూశారు, చాలా ముందే చూశారు. ఈ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది. అడ్డపొగ అంటారు. ఆ వేడికి అంగిలి మాడి, మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించేది. 1937లోనే విశాఖ నుంచి డాక్టర్ కిని, డాక్టర్ సుబ్బారావు క్యాన్సర్ సమస్యపై ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. తర్వాత ఆంధ్ర మెడికల్ కాలేజీ పాథాలజీ డాక్టర్లు అడ్డపొగకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద పనిచేశారు. 1960ల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం శ్రీకాకుళం పల్లెల్లో పది వేల మందికి పైగా నోళ్ళు తెరిపించి చూసింది. ఇవాళ నోటి క్యాన్సర్ రోగికి అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అదే నోట్లో పుచ్చిన పన్నుకు మాత్రం ఇలాంటి దారి ఎవరూ వేయలేదు.

ఆరోగ్యశ్రీతోనైనా మారిందా? 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం ఆసుపత్రిలో చేర్చి చేయాల్సిన ఖరీదైన వైద్యం కోసం పుట్టింది. పేర్లు మారాయి, 2023 చివర్లో పరిమితి 25 లక్షలకు పెరిగింది. దవడ విరిగితే, నోటికి క్యాన్సర్ వస్తే అది ఆదుకుంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి చేసి ఇంటికి పంపే మామూలు పళ్ళ వైద్యం దాని ఊహలోనే లేదు.

ఆ ఖాళీని కొంత పూడ్చింది ప్రైవేటు డెంటల్ కాలేజీలే. రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ. బీడీఎస్ (పళ్ళ డాక్టర్ డిగ్రీ) విద్యార్థి పాసవ్వాలంటే ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి అని కోటా ఉంటుంది, దానికి పేషెంట్లు కావాలి. అందుకే క్యాంపులు, తక్కువ ఫీజులు. విద్యార్థి చేస్తాడంటే కొందరికి టెన్షనే గానీ, పక్కన ప్రొఫెసర్ ఉంటారు. సమయం ఎక్కువ పడుతుంది, అంతే. కాకపోతే సీట్లు నిండినన్నాళ్ళే ఈ ఏర్పాటు.

కాగితం మీద సర్కారు కదలకపోలేదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో చూడాల్సిన సమస్యల్లో పళ్ళనూ చేర్చింది. 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రులకూ కింది స్థాయికీ డెంటల్ యూనిట్లకు సాయం మొదలుపెట్టింది. అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా పళ్ళ డాక్టర్ పోస్టు ఉండదు, ఆ పోస్టు కనిపించేది పై మెట్టు సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ)లో. 2022లో జిల్లాను మూడు చేసినప్పుడు అరకు, పాడేరు మన్యం కొత్త జిల్లాకు వెళ్ళింది, కానీ పెద్ద పని పడితే అక్కడివాళ్ళు ఇప్పటికీ వంద కిలోమీటర్లు దాటి కేజీహెచ్‌కే దిగుతారు. రూట్ కెనాల్‌కు అలా రెండు మూడుసార్లు ఎవరొస్తారు? ఒక్కసారికే పీకించుకుని పోతారు. 2023లో వచ్చిన జాతీయ దంత కమిషన్ చట్టం కాలేజీలనూ డిగ్రీలనూ చూసుకుంటుంది. ఏరియా ఆసుపత్రిలో రెండో కుర్చీ, క్యాప్ చేసే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు కావాలంటే అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వాన్నే.