జర్మనీలో ‘సప్లీ’ ఉండదు: ఎఫ్‌హెచ్ చదువులపై అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి చివర్లో రిజల్ట్స్ వచ్చాయంటే నా గది బయట కుర్చీలు ఖాళీగా ఉండవు. జర్మనీలో ఒక ఎఫ్‌హెచ్‌లో (ఫాఖ్‌హోఖ్‌షూలె, అంటే ప్రాక్టికల్ చదువుకు ప్రాధాన్యమిచ్చే కాలేజీ) విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే విభాగంలో నా ఉద్యోగం. మనవాళ్లు వస్తే తెలుగులోనే మాట్లాడుకుంటాం. మొన్న వచ్చిన అబ్బాయి కూర్చోకముందే చెప్పాడు: “ఒక్క సబ్జెక్టే పోయిందక్కా, నెక్స్ట్ సెమ్‌లో సప్లీ రాసేస్తా.” ఎన్నోసారి పోయిందని అడిగాను. రెండోసారట. అతని మొహంలో టెన్షన్ ఏమీ లేదు. నాకే గుండెల్లో రాయి పడినట్టయింది.

ఈ ‘సప్లీ’ అనే మాట మన పిల్లలకు చేస్తున్నంత నష్టం వీసా రిజెక్షన్ కూడా చేయదని నేను నమ్ముతాను. వీసా రాకపోతే ఇంకో ఇన్‌టేక్‌కి ప్రయత్నించవచ్చు. ఇక్కడ పరీక్ష అవకాశాలు అయిపోతే మాత్రం ఆ కోర్సుకి జర్మనీ మొత్తంలో తలుపులు మూసుకుపోయినట్టే.

అపోహ: ఫెయిలైతే ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు

మన బీటెక్‌లో ఫస్టియర్ మ్యాథ్స్ ‘ఎమ్‌వన్’ ఫోర్త్ ఇయర్‌లో క్లియర్ చేసినవాళ్లు ఎంతమంది లేరు? ఆ అలవాటుతోనే విమానం ఎక్కుతారు. ఇక్కడ చాలా ఎఫ్‌హెచ్‌లలో ఒక సబ్జెక్టుకి మూడే అవకాశాలు. కొన్నిచోట్ల ఆ మూడోది కూడా కొన్ని సబ్జెక్టులకే ఇస్తారు. అదీ పోతే రికార్డులో ‘ఎంట్‌గ్యుల్టిగ్ నిష్ట్ బెష్టాండెన్’ అని పడుతుంది. ఇక తిరుగులేకుండా ఫెయిల్ అని అర్థం. ఆ వెంటనే ఎక్స్‌మట్రికులేషన్, అంటే కాలేజీ రోల్స్‌లోంచి పేరు తీసేయడం. ఊరు మార్చి ఇంకో కాలేజీలో అదే కోర్సులో చేరదామన్నా కుదరదు. చాలాచోట్ల దగ్గరి కోర్సులకీ ఇదే రూలు. కొత్త కాలేజీ అడ్మిషన్ ఇచ్చే ముందు ‘ఈ విద్యార్థి పరీక్ష హక్కు కోల్పోలేదు’ అని పాత కాలేజీ రాసిచ్చిన పత్రం అడుగుతుంది. వీసా కార్డు మీద ఉన్నది చదువు కోసం ఇచ్చిన అనుమతి కాబట్టి, పేరు తీసేశాక ఆ అనుమతి కూడా ప్రశ్నలో పడుతుంది.

అవకాశాలు పోయేది ఫెయిలైనప్పుడే కాదు. పోర్టల్‌లో పరీక్షకి రిజిస్టర్ చేసుకుని, ప్రిపేర్ కాలేదని వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే 5.0 వేస్తారు (ఇక్కడ 1.0 బెస్ట్ గ్రేడు, 5.0 అంటే ఫెయిల్). ఒక అవకాశం పోయినట్టే. రిజిస్ట్రేషన్ వెనక్కి తీసుకోవడానికి ఒక గడువు ఉంటుంది, అది దాటకముందే తీసుకోవాలి. కొన్ని కాలేజీల్లో ఒకసారి ఫెయిలైతే తర్వాతి పరీక్షకి మీ పేరు వాళ్లే నమోదు చేసేస్తారు, మీకు తెలిసేలోపు తేదీ వచ్చేస్తుంది. జ్వరం వస్తే పరీక్ష రోజునే డాక్టర్ దగ్గరికి వెళ్లి, సర్టిఫికెట్ వెంటనే ప్రూఫుంగ్స్‌ఆమ్ట్‌లో, అంటే పరీక్షల ఆఫీసులో ఇవ్వాలి. జ్వరంతోనే రాసి, ఫెయిలయ్యాక ఒంట్లో బాగాలేదని చెబితే సాధారణంగా వినరు.

రెండేళ్ల క్రితం ఒక అబ్బాయి ఒక పసుపు కవరు నా టేబుల్ మీద పెట్టాడు. జర్మనీలో ఉన్నవాళ్లకు ఆ పసుపు కవరు సంగతి తెలుసు. ముఖ్యమైన అధికారిక ఉత్తరాలు అందులోనే వస్తాయి, పోస్ట్‌మ్యాన్ కవరు మీదే తేదీ రాసి డబ్బాలో వేసి వెళ్తాడు. ఉత్తరం జర్మన్‌లో ఉంది. ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూశాడట, ‘ఫెయిల్’ అన్నది ఒక్కటే అర్థమైంది, అది ముందే తెలిసిందే కదా అని పుస్తకాల మధ్య పెట్టేశాడు. ఆ ఉత్తరం చివరి పేరాలో, అభ్యంతరం ఉంటే ఒక నెలలోగా తెలపాలని ఉంది. కవరు మీద తేదీ చూసి లెక్కపెట్టాను. ఐదు వారాలు. ఆ పేరా అతనికి తెలుగులో చదివి వినిపించిన క్షణం నేను మర్చిపోలేను. అతని మొదటి మాట కాలేజీ గురించి కాదు, “అక్కా, లోన్‌కి నాన్న ష్యూరిటీ ఉన్నాడు” అన్నాడు.

అతను చదువురాని పిల్లాడు కాదు. బీటెక్‌లో డిస్టింక్షన్. రాత్రి షిఫ్టుల్లో గోడౌన్‌లో పెట్టెలు మోసి, పొద్దున్నే పరీక్షకి వెళ్లాడు, రెండుసార్లు అలాగే. అతనికి సలహా ఇచ్చిన సీనియర్లు వాట్సాప్ గ్రూపులో “చిల్ రా, అందరికీ పోతాయి” అన్నారు. అలాంటి మాటలు అనేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. మీరు దాటేశారు కాబట్టి అందరూ దాటేస్తారని ఎలా చెబుతారు?

ఒకసారి పోయిందని హడలిపోనక్కర్లేదు. నాకూ పోయింది. నేను చదువుకునే రోజుల్లో కంట్రోల్ సిస్టమ్స్‌లో 5.0 వచ్చింది, ఇంట్లో చెప్పలేదు. ‘ఐన్‌జిష్ట్’ రోజున, అంటే దిద్దిన పేపరు చూసుకోనిచ్చే రోజున, వెళ్లాలా వద్దా అని అరగంట కారిడార్‌లోనే తిరిగి, చివరికి లోపలికి వెళ్లాను. మూడో ప్రశ్నకి రెండు పేజీల థియరీ రాసి ఉన్నాను. పక్కన ఎర్ర సిరాతో సున్నా. ప్రొఫెసర్ నా పక్కన కూర్చుని అడిగారు: “ఈ మోటారుకి ఈ కంట్రోలర్ సరిపోతుందా లేదా? నేనడిగింది అంతే కదా?” ఒక గ్రాఫ్ గీసి, అవునో కాదో చెప్పి, కారణం ఒక లైనులో రాస్తే సరిపోయేది. ఆ పదిహేను నిమిషాల్లో నేర్చుకున్నది నాకు సెమిస్టర్ మొత్తంలో రాలేదు. రెండోసారి 2.3 వచ్చింది.

పేపరు చూసుకోవడం మీ హక్కు. తేదీ పోర్టల్‌లో పెడతారు, చాలాసార్లు ఒక్క రోజే ఉంటుంది. ఫెయిలైన మనవాళ్లలో సగం మంది కూడా వెళ్లకపోవడం నేను చూస్తున్నాను. సిగ్గు, భాష భయం, ప్రొఫెసర్ తిడతారేమోనని భయం. తిట్టరు. వాళ్ల ‘ష్ప్రెష్‌ష్టుండె’, అంటే విద్యార్థులను కలిసే గంట, ఉన్నదే అందుకు.

అపోహ: ఎఫ్‌హెచ్ అంటే సెకండ్ గ్రేడ్, ‘టీయూ’ (టెక్నికల్ యూనివర్సిటీ) అయితేనే విలువ

పై విషయం అర్థమైతే ఇది కూడా అర్థమవుతుంది. ఎఫ్‌హెచ్ ప్రొఫెసర్ కావాలంటే మామూలుగా డాక్టరేట్‌తో పాటు ఐదేళ్ల అనుభవం ఉండాలి, అందులో కనీసం మూడేళ్లు యూనివర్సిటీ బయట పనిచేసి ఉండాలి. వారానికి సుమారు 18 గంటలు పాఠం చెబుతారు, యూనివర్సిటీ ప్రొఫెసర్ చెప్పేదానికి దాదాపు రెట్టింపు. అందుకే మా కంట్రోల్ సిస్టమ్స్ ప్రొఫెసర్ నా పక్కన కూర్చోగలిగారు, అందుకే ప్రశ్న మోటారు గురించి అడిగారు. డిగ్రీ మీద మాస్టర్స్ అనే ఉంటుంది, చట్టం దృష్టిలో స్థాయి ఒకటే. పీహెచ్‌డీ చేయవచ్చు. 2016లో ఫుల్డా ఎఫ్‌హెచ్‌కి సొంతంగా డాక్టరేట్ ఇచ్చే హక్కు వచ్చింది, ఎఫ్‌హెచ్‌లలో అదే మొదటిది. మీ పరిశోధన ఆసక్తి పూర్తిగా థియరీ వైపు అయితే యూనివర్సిటీకే వెళ్లండి, అది వేరే మాట.

మిగిలినవి త్వరత్వరగా

‘చదువు పూర్తిగా ఉచితం’ అంటారు. ప్రభుత్వ ఎఫ్‌హెచ్‌లలో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 వింటర్ సెమిస్టర్ నుంచి మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. ష్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కాలేజీలు అప్లై చేసేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకోండి.

‘పార్ట్‌టైమ్‌తో ఖర్చులన్నీ వెళ్లిపోతాయి’ అన్నది రెండో పెద్ద అబద్ధం. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చు. కానీ పని దొరకని నెలలు కూడా ఉంటాయి. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) నెలకి 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు అడిగేది మీ బతుకు ఖర్చులకు డబ్బు ఉందని చూపించడానికే. మొదటి సెమిస్టర్‌లో ఆ డబ్బుతోనే బతకడానికి చూడండి.

‘ఇంగ్లీష్ చాలు’ అన్నది క్లాసు వరకు నిజం. ఇంటర్న్‌షిప్‌కీ, ఆ పసుపు కవరుకీ సరిపోదు.

మొన్న వచ్చిన అబ్బాయితో కలిసి అతని కోర్సు ప్రూఫుంగ్స్‌ఆర్డ్‌నుంగ్, అంటే పరీక్షల నియమావళి, తెరిచాం. మూడో అవకాశం ఉంది, రిజిస్ట్రేషన్ వెనక్కి తీసుకునే ఆఖరి తేదీకి ఫోన్‌లో అలారం పెట్టించాను. పేపరు చూపించేది బుధవారం రెండింటికి. ఫొటోలు తీయనివ్వరు, ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లమని చెప్పాను. పక్కన నేను కూడా వస్తానంటే ఒప్పుకున్నాడు.